నూట పన్నెండు నుంచి నూట ఇరవై దాకా

"సార్ రాతకట్ట యాడ వెట్టినవే?"

మా ఆయన ముందర ప్రెస్సుల నుంచి గట్టిగ అడిగినప్పుడు నేను నడుమ అర్రల సాప మీద కూసోని ఫారాలు మడుస్తున్న. పెద్ద కాయితానికి ఇటు ఎనిమిది పేజీలు, అటు ఎనిమిది పేజీలు అచ్చయి వస్తయి. మూడు మడతలు పెడితే పదహారు పేజీల ఫారమైతది. పెట్టిన ప్రతి మడత మీద వెదురు బద్దతోని గుంజాలె, లేకుంటే పుస్తకం పొట్ట ఉబ్బినట్టయితది. పొద్దటి సంది మూడు వందలు మడిచిన. ఆయన మాట చెవుల వడంగనే బద్ద జారి మడత వంకర వోయింది.

"ఏ సార్‌ది?" అన్న. తెల్వక కాదు. ఒక్క నిమిషం దొరుకుతదని.

"ఇంకే సారే! లక్ష్మీరాజం సార్‌ది. నవలకు బహుమతి వచ్చింది గదా. ఐతారం సభల ఆ చేతిరాత కట్టను లైబ్రరీకి ఇస్తడట. మొదటి పేజీ కాంచి ఆఖరు దాకా అద్దాల పెట్టెల పరిచి పెడతరట. బేస్తారం సార్ వచ్చి చూసుకుంటనన్నడు. దుమ్ము దులిపి పెట్టు."

"ఉన్నది, తీస్త," అన్న.

ఉన్నది అన్నది అబద్ధం కాదు. బియ్యం డ్రమ్ము ఎనుక రేకు పెట్టెల, నా పెండ్లి చీర కింద, రెండేండ్ల సంది ఉన్నది. రెండు వందల నలభై పేజీల కట్ట. అండ్ల నూట పదకొండో పేజీ తర్వాత నూట ఇరవై ఒకటో పేజీ వస్తది. నడుమ తొమ్మిది లేవు. ఆ సంగతి ఈ లోకంల నాకొక్కదానికే తెలుసు అనుకున్న.

ఆ రోజు మంగళారం. ఐతారం ఇంక అయిదు రోజులు.

నేను భయస్తురాలిని. ఫోన్ మోగిందంటే నాకు ముందు చావు మతికొస్తది, తర్వాతనే మనుషుల పేర్లు మతికొస్తయి. నా బిడ్డ అమూల్య లక్సెట్టిపేటల బ్యాంకుల చేస్తది, శనారం మాపటికి ఇంటికొచ్చి సోమారం పొద్దుగాల పోతది. బస్సు రాయపట్నం కాడ గోదారి వంతెన దాటెదాకా నాకు ముద్ద దిగది. "ఎక్కినవా?" "వంతెన దాటిండ్రా?" "దిగినవా?" ఈ మూడు మాటలకు మూడు ఫోన్లు. "అమ్మా, డ్రైవర్ కంటె నీకే ఎక్కువ ఫికరు. బస్సు నువ్వే నడపరాదు," అని నవ్వుతది అమూల్య. నవ్వనీ. తల్లి భయపడితే బిడ్డకు జర గండం తగ్గుతదని నాకు లోపల ఎక్కడనో ఒక నమ్మకం. ఎవలకు చెప్పుకునేది కాదు.

ఇప్పుడు భయం తిరిగి నా మీదికే వచ్చింది. తొమ్మిది పేజీలు లేవని తెలిస్తే సార్ ఏమంటడు? ఆ తొమ్మిది పేజీల జాగల పుస్తకంల అచ్చయింది ఎవలు రాసిండ్రని అడిగితే? ప్రెస్సు పేరు పోతది. ఇంకెవరన్న మాకు రాతలు ఇస్తరా? పోలీసులు వస్తరా? ఒకల పుస్తకంల ఇంకొకలు రాస్తే ఏం కేసు పెడతరో నాకు తెల్వది. తెల్వని కేసు తెలిసిన కేసు కంటె పెద్దగ కనవడతది.

మాది కరీంనగర్‌ల చిన్న ప్రెస్సు. ముందర మెషీను, ఎనుక ఇల్లు. పెండ్లి పత్రికలు, బడి డైరీలు, రసీదు బుక్కులు కొడతం. ఏడాదికి నాలుగైదు కథల పుస్తకాలు, కవితల పుస్తకాలు సుత తెస్తం. పుస్తకాల మీద మా ఆయన పేరు 'ప్రచురణ: ఓంప్రకాశ్' అని ఉంటది. ఈ ఇంటికి నేను సిరిసిల్ల నుంచి వచ్చిన. మా బాపు సాంచె మీద గుడ్డ నేసేది. మా అవ్వ పొద్దంత దారం కండెలు చుట్టేది. సాంచె నడిపినాయన పనోడు, కండెలు చుట్టినామె ఇంట్ల మనిషి. ఎవలన్న వచ్చి "మీ ఇంటామె ఏం జేస్తది?" అంటే బాపు "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది," అనేటోడు, అవ్వ చేతుల కండె తిరుగుతుంటెనే.

నాకు పదో తరగతి దాకా చదువొచ్చింది. లగ్గమైనంక మా ఆయనే మూడు నెలలు టైపు నేర్పిచ్చిండు. "బయటి మనిషిని పెడితే సెలవులు అడుగుతరు," అన్నడు. నేను సెలవులు అడగలే. ఇరవై మూడేండ్ల సంది రాతకాయితాలు చూసి టైపు కొడుత. తప్పులు దిద్దుత. అచ్చయిన కాయితాలు మడుస్త, ఫారాలు వరుసగ ఎత్తి కుడుత, అట్టకు గమ్ము పెడుత. నడుమ నడుమ అన్నం, బట్టలు, నల్లా. మొన్న కాయితం కంపెనీ ఆయన ఒకడు వచ్చి నా కుర్చీకి రెండు మూరల దూరంల నిలవడి "మేడం ఏమన్న జాబ్ చేస్తదా?" అని అడిగిండు. మా ఆయన "లేదు సార్, హౌస్‌వైఫే," అన్నడు. నేను అప్పుడు ఆ కంపెనీ ఆయన బిడ్డ పెండ్లి పత్రికనే టైపు కొడుతున్న.

లక్ష్మీరాజం సార్ శ్రీరాంపూర్ మనిషి. బొగ్గుబాయి ఆఫీసుల గుమాస్త చేసి రిటైరైండు. మంచోడు. ఎప్పుడొచ్చినా నన్ను "బిడ్డా" అంటడు, మంచినీళ్లు అడిగి తాగుతడు, గ్లాసు తనే తెచ్చి లోపల పెడతడు. ఆయన నవల ఒక ప్రెస్సు కథ. ఊరోళ్ల పుస్తకాలు అచ్చేసుకుంట బతికిన వీరేశం అనేటాయన కథ. "ఓంప్రకాశ్, నిన్ను చూసే రాసిన," అంటే మా ఆయన నెలరోజులు అద్దంల చూసుకున్నడు. వీరేశానికి అనసూయ అని భార్య ఉంటది. నూట పది పేజీల్ల ఆమె మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు చాయ ఇచ్చింది, ఒకసారి ఏడ్చింది.

సార్ రాత చానా గలీజు. 'క' గాలం లెక్క ఉంటది, 'మ', 'య' ఒక్క తీరుగనే ఉంటయి. మా ఆయన పది లైన్లు చూసి తలకాయ నొస్తుందని పక్కకు పెట్టిండు. సార్ సుత ఒకసారి తను రాసింది తనే చదవరాక "గిదేంది బిడ్డా?" అని నన్నే అడిగిండు. ఇంకొకటి, ఆయన కొత్త కాయితం మీద రాయడు. ఆఫీసుల పనికిరాకుండ పోయిన పాత సర్క్యులర్లు ఇంట్ల కట్టలు కట్టి పెట్టుకున్నడు. వాటి ఎనుక దిక్కు నీలం జెల్ పెన్నుతోని రాస్తడు. ఒక్కో అధ్యాయం అయిపోయినంక కింద సంతకం పెట్టి తారీకు వేస్తడు. "ఇదొక్కటే ప్రతి బిడ్డా, పైలం. మూడేండ్లు రాసిన," అని కట్ట నా చేతులనే పెట్టిండు.

రెండేండ్ల కింద ఏమైందంటే, మా ఆయన కాయితం కొననీకి హైదరాబాద్ పోయిండు. ఆడిబిడ్డ వస్తుందని మా అత్తమ్మ శంకరవ్వ గారెలకు పప్పు రుబ్బింది. నేను ఏడో అధ్యాయం కొట్టాలె. నూట పన్నెండు నుంచి నూట ఇరవై దాకా తొమ్మిది కాయితాలు తీసి పక్కకు పెట్టుకున్ననో లేదో కరెంటు పోయింది. అదే గడియల నల్లా వచ్చింది. మా గల్లీల నల్లా ముప్పావుగంట వస్తది, పట్టుకుంటేనే నీళ్లు. గాలికి ఎగురుతయని ఆ తొమ్మిదిటిని బోర్లేసి, మీద రాయి పెట్టి బిందెలతోని ఉరికిన. బోర్లేసినంక మీదికి ఏం కనవడతది? బొగ్గుబాయి నోటీసులు కనవడతయి.

ప్రెస్సు ఇంట్ల కాయితానికి విలువ ఉండది. అచ్చు పాడైన కాయితాలు మా ఇంట్ల అన్నిటికీ పనికొస్తయి. గూట్ల పరవనీకి, కిటికీలు తుడవనీకి, నూనె పీల్చనీకి. నేను నీళ్లు పట్టి వచ్చెటాల్లకు తాంబాలంల కాయితాలు పరిచి, వాటి మీద గారెలు కుప్ప వోసి ఉన్నయి.

"అత్తమ్మా, గీ కాయితాలు యాడియి?"

"గా కంప్యూటర్ కాడియే. ఎందుకే గట్ల జేస్తున్నవ్? వేస్ట్ కాయితాలే గదా."

నేను గారెలు పక్కకు తోసి కాయితాలు ఎత్తిన. నూనె, ఆవిరి తాగి అద్దం లెక్కయినయి. రాసింది రాసినట్టు నీలం నీళ్లయి కారిపోయింది. ఒక్క కాయితం ఎట్లనో తిరగవడ్డది, దాని మీది గారెకు నీలం అంటింది. అత్తమ్మ ఆ గారెను చూసి, తీసి వేరే పెట్టి, "ఇది నువ్వు తిను తియ్యి," అన్నది. నేను తిన్న. అట్లాంటి గారె ఇంట్ల ఎవలకు పోతదో ఇంట్ల అందరికీ తెలుసు.

చెప్పాలె గదా. చెప్పలే. అంతకుముందు నెలనే ఒక పెండ్లి పత్రికల ముహూర్తం గంట తప్పు కొట్టిన. మా ఆయన పెండ్లోళ్ల ముందర నా కుర్చీని కాలుతోని గుంజి, "గీమెకు కండ్లు వంటింట్లనే పనిజేస్తయి," అన్నడు. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. ఆ నవ్వు నాకు ఇప్పటికీ దవడల నొస్తది. సార్‌కు ఏం చెప్పాలె? మూడేండ్ల రాత గారెల కింద పోయిందని ఏ నోటితోని చెప్పాలె? ఆయన అప్పుడే గుండె ఆపరేషన్ అయి మంచంల ఉన్నడు. చెప్తే ఆయనకేమన్న అయితే? ఇగో, నా భయం గట్ల పోతది. ఎక్కడ మొదలైనా ఆఖరికి చావు కాడికి పోయి ఆగుతది.

నూట పదకొండో పేజీల వీరేశం కాయితం కోసం హైదరాబాద్ బస్సెక్కిండు. నూట ఇరవై ఒకటో పేజీల తిరిగొచ్చిండు. వచ్చెటాల్లకు ఇంట్ల వెయ్యి పుస్తకాలు కుట్టి, అట్టలేసి, కట్టలు కట్టి ఉన్నయి. ఎవలు కట్టిండ్రో ఆ పేజీల లేదు. నడుమ ఏం రాసి ఉంటడో నాకు తెల్వది. హైదరాబాద్‌ల కాయితం దుకాండ్లు ఎట్లుంటయో నేను ఎన్నడూ చూడలే. నాకు తెలిసింది ఒక్కటే, ఆ వెయ్యి పుస్తకాలు ఎట్ల తయారైనయో.

మూడు పగటి పూటలు, ఇంటి పని అయినంక, నేరుగ కంప్యూటర్ మీదనే కొట్టిన. అనసూయ ఫారాలు మడుసుడు రాసిన. చెమట అంటితే కాయితం మరక పడతదని బద్దను మాటిమాటికి కొంగుకు తుడుసుకునుడు రాసిన. బడి బస్సు పది నిమిషాలు ఆలిశమైతే ఆమె బిడ్డ ఎన్ని తీర్ల చచ్చిపోయి ఉంటదో ఆమె మనసుల అనుకునుడు, బస్సు రాంగనే బిడ్డను కొట్టుడు, కొట్టి మళ్లీ మడతల కూసునుడు రాసిన. ఫారాలు వరుసగ ఎత్తుకుంట ఒక్క పేజీ కాడ ఆగి చదివింది అనసూయ, పాలు పొంగిపోయినయి. ఆ పేజీల మనుషులు భోజనానికి కూసున్నరు. ఆమె ముందుకు తిప్పి చూసింది, ఎనుకకు తిప్పి చూసింది. "ఈ పుస్తకంల అందరు అన్నం తిన్నరు. ఒక్కలు సుత గిన్నెలు కడగలే," అనుకున్నది.

అది కొట్టినంక నా చేతులు ఆగినయి. ఆ మాట నా లోపల నుంచి వచ్చిందంటే నాకే నమ్మకం కాలే. చుట్టూ చూసిన, ఎవలన్న విన్నరేమోనని.

దిద్దనీకి సార్‌కు అచ్చు ప్రతి పంపినం. మిగతా పేజీల్ల ఎర్ర గీతలు పెట్టి పంపిండు. ఏడో అధ్యాయంల ఒక్క గీత లేదు. నిదుర మత్తుల చూసి ఉంటడు, ఆపరేషన్ మందులు గదా అనుకున్న. పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ నాడు దశరథం అని కాలేజీల చెప్పేటాయన మైకు ముందర నిలవడి ఏడో అధ్యాయం చదివిండు. గిన్నెల మాట కాడికి రాంగనే హాలంత చప్పట్లు. "ఒక మగ రచయిత స్త్రీ హృదయంలోకి ఇంత లోతుగా వెళ్లడం!" అన్నడు. సార్ లేచి దండం పెట్టిండు. నేను ఆఖరు వరుసల చాయ గ్లాసులు ట్రేల పెట్టుకుంట ఉన్న. భయానికి ఒక గ్లాసు వలికింది.

ఇంటికొచ్చినంక మా ఆయన అన్నడు, "చూసినవా, ఆడోళ్ల మనసు సార్ ఎట్ల వట్టిండో. ఆడిదానివై ఉండి నీకు సుత గవన్ని తెల్వయి."

"నాకేం తెలుసు," అన్న.

అమూల్య పుస్తకం చదివి వేరే తీరుగ నవ్వింది. "అమ్మా, గీ అనసూయ అచ్చం నీ లెక్కనే ఉన్నది. ఎక్కినవా, దిగినవా!"

"సార్ మనింటికి వస్తడు గదా బిడ్డా. చూసి ఉంటడు," అన్న.

బేస్తారం నాడు సార్ పదకొండు గంటల బస్సుకు వచ్చిండు. మునుపటి కంటె సన్నబడ్డడు, కుడి చెయ్యి వణుకుతున్నది. భుజానికి సంచి. మా ఆయన కుర్చీ వేసిండు. చాయ పెట్టిన. ఆ రెండు రోజులు నాకు అన్నం దిగలే. కట్ట తెచ్చి బల్ల మీద పెట్టినంక ఇగ దాసేటందుకు ఏం లేకుండె. నిలవడే చెప్పిన. నల్లా, గారెలు, నీలం మరకలు, మూడు పగళ్లు. చెప్పుకుంటెనే ఏడ్చిన. "కావాలని చెయ్యలే సార్. మీ పానం బాగలేకుండె. మా ఆయనకు తెల్వది, ఆయన తప్పు లేదు," అన్న.

మా ఆయన మొకం తెల్లగైంది. "ఏందే? ఏం రాసినవే నువ్వు? సార్ పుస్తకంల నువ్వు రాసుడేంది?" అని లేచిండు.

"కూసో ఓంప్రకాశ్," అన్నడు సార్. గొంతు మెల్లగున్నది. "నాకెర్కనే బిడ్డా. నువ్వు పంపిన ప్రతి చూసిన్నాడే ఎర్క. నేను రాసింది హైదరాబాద్‌ల కాయితం బేరాలు, లాడ్జిల ముచ్చట్లు. నీది మంచంల పండుకోని రెండుసార్లు చదివిన. ఫోన్ చేద్దామని నంబర్ సుత తీసిన. మంచిగున్నదే, ఉండనీ అనిపిచ్చింది. తర్వాత జనం మెచ్చుకుంటుంటే ఇగ నోరు రాలే."

నాకు ఏడుపు ఆగింది. రెండేండ్లు. రెండేండ్లు నేను ఫోన్ మోగినప్పుడల్ల చచ్చిన. ఆయనకు ఎర్కనే.

సార్ సంచిల చెయ్యి పెట్టి కొన్ని కాయితాలు తీసిండు. పాత సర్క్యులర్లు, అంచులు పసుపు పచ్చగైనయి. మీద నీలం జెల్ పెన్ను పెట్టిండు. నేను లెక్కవెట్టలే గని తొమ్మిదని కండ్లకే తెలిసింది.

"నా చెయ్యి వణుకుతుంది. నా రాత నాకంటె నీకే బాగ ఎర్క బిడ్డా. నా లెక్కనే రాసి పెట్టు. కింద నా సంతకం సుత వెట్టు, ఏంగాదు. కట్ట నిండుగుంటది, మనకు ఎవలకూ మాట రాదు."

"గంతేనా సార్!" మా ఆయన కుర్చీల వెనుకకు ఒరిగి ఊపిరి ఇడిసిండు. "పరేషాన్ చేసింది గదా గీమె. ఐతారం లోపల తయారు చేపిస్త. గీమెకు మీ రాత రాసుడు ఎంతసేపు!"

వాళ్లిద్దరు నవ్వుకున్నరు. సార్ గ్లాసు తీసుకపోయి ఎప్పటి లెక్కనే లోపల పెట్టిండు. పోయేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "నీ మేలు మర్వ బిడ్డా," అన్నడు.

సార్ పోయినంక మా ఆయన ఒక గంట తిట్టిండు. దాసినందుకు తిట్టిండు, రాసినందుకు తిట్టలే. రాసినట్టే లెక్కవెట్టలే. "నువ్వేం రాసినవే, సార్ కథల నడుమ నాలుగు మాటలు కలిపినవ్. అది టైపు కొట్టేటోళ్లందరు చేసేదే," అన్నడు. అత్తమ్మ లోపల నుంచి, "నా గారెలకు పేరు వెడుతున్నరా?" అని కేకేసింది.

ఏం కాలే గదా, కేసు లేదు, పేరు పోలే, సార్ పానానికి ఏం కాలే. నేను భయపడ్డదొక్కటీ జరగలే. ఇంక నా గుండె నెమ్మది కావాలె. కాలే. ఇన్నేండ్లల్ల మొదటిసారి, భయం కానిదేదో ఆ జాగల కూసున్నది. దానికి పేరేందో నాకు తెల్వకుండె.

శుక్రారం మధ్యాహ్నం బల్ల ముందర కూసున్న. సర్క్యులర్ తిప్పి పెట్టి మొదటి లైను సార్ రాతలనే రాసిన. గాలం లెక్క 'క', ఒక్క తీరుగ 'మ', 'య'. రాసి చూసుకుంటే పానం ఝల్లుమన్నది. సార్ రాసినట్టే ఉన్నది. ఆయన కొడుకు వచ్చి చూసినా ఆయన రాతే అంటడు. ఇంత బాగ వస్తదని నాకు తెల్వది. అవ్వ చుట్టిన కండె సాంచెల పడ్డంక ఎవలకు కనవడది. నేను చుట్టిన కండె నా చేతుల్లనే మాయమైతున్నది, నేనే చూస్తున్న.

పెన్ను పెట్టేసిన. లేచి ప్రెస్సుల పాడైన కాయితాల కట్ట కాడికి పోయిన. మంగళారం నాడు వంకర మడత పడ్డ ఫారం అండ్లనే ఉన్నది. బడి డైరీది. దాని పక్కన ఒక దిక్కే అచ్చయి ఇంకొక దిక్కు తెల్లగున్నవి మరికొన్ని ఉన్నయి. సార్‌కు సర్క్యులర్లుంటే నాకు గివి ఉన్నయి. సైజుకు కోసుకున్న, తొమ్మిది. నా బాల్ పెన్ను తీసిన. మీద 112 అని వేసిన.

నా రాత గుండ్రంగ ఉంటది. సిరిసిల్ల బడిల పంతులమ్మ నేర్పిచ్చిన రాత. పదో తరగతి పరీక్ష తర్వాత చాకలి పద్దు, సరుకుల చీటీ తప్ప ఏం రాయలే. లైన్లు కిందికి జారినయి. రెండో పేజీ కాడ చెయ్యి నొచ్చింది. అనసూయ బద్దను కొంగుకు తుడుసుకునే కాడ నేను పెన్నును కొంగుకు తుడుసుకున్న. రాసుకుంట రాసుకుంట పుస్తకంల లేని రెండు మాటలు సుత కలిపిన. అప్పుడు భయానికి వదిలేసినయి అవి. శనారం మధ్యాహ్నానికి నూట ఇరవై అయింది. అధ్యాయం అయిపోయిన కాడ సార్ సంతకం, తారీకు ఉండాలె.

'రోజారాణి, కరీంనగర్' అని రాసిన. తారీకు వేసిన.

మాపటికి అమూల్య వచ్చింది. "వంతెన దాటిన, దిగిన, ఇంట్లకొచ్చిన. ఇయ్యాల నువ్వు ఫోన్ చెయ్యలేదేందమ్మా? నాకే భయమైంది," అనుకుంట సంచి దించి బల్ల మీది కాయితాలు చూసింది. ఒకటి ఎత్తింది, ఇంకొకటి ఎత్తింది. కూసుంది. తొమ్మిది చదివి ఆఖరు పేజీ కింద వేలు పెట్టింది.

"అమ్మా. అనసూయ నువ్వేనా?"

"అనసూయ నేను కాదు బిడ్డా. రాసింది నేను."

అమూల్య కాయితాలు మళ్లీ వరుసగ సర్ది పెట్టింది. "బాపు చూసిండా?"

"లేదు."

"సార్?"

"లేదు."

"మరి రేపు?"

"రేపు చూస్తరు."

"తిడతరు గదా అమ్మా."

"తిడతరు," అన్న. రాత్రి అయ్యెటాల్లకు తిట్లన్నీ ముందే వినుకున్న, ఒక్కొక్కటి, సభల ఎవలు ఎక్కడ లేస్తరో, మా ఆయన ఏ చేతిని లేపుతడో. భయపడుడు నాకు వచ్చిన పని. అది బాగనే చేసిన.

ఐతారం పొద్దుగాల మా ఆయన ఇస్త్రీ అంగి వేసుకోని, "నువ్వు సభకెందుకు, మధ్యాహ్నం సార్‌తోని పదిమంది వస్తరు. గారెలు చెయ్యి," అన్నడు.

"గారెలు అత్తమ్మ చేస్తది. కట్ట నేను పట్టుకొస్త."

"ఎందుకే?"

"నా చేతుల వెట్టిండు గదా సార్. నా చేతుల నుంచే ఇస్త."

మా ఆయన గడియారం చూసిండు. ఆలిశమైతుందని ఆటో పిలిచిండు. అమూల్య నా పక్కన కూసుంది. కట్ట నా ఒళ్లె ఉన్నది. ఎర్ర గుడ్డల చుట్టి, తాడుతోని నేనే కట్టిన. అడుగున సార్ ఇచ్చిన సర్క్యులర్లు ఎనిమిది తెల్లగనే ఉన్నయి, ఒక్కదాని మీద ఒక లైను ఉన్నది.

"పేజీలన్ని సరిగున్నయి గదా?" అన్నడు మా ఆయన, ముందర సీట్ల నుంచి తిరిగి చూడకుంటనే.

"ఉన్నయి. నూట పన్నెండు నుంచి నూట ఇరవై దాకా సుత ఉన్నయి."

"ఆఁ, గట్లుండాలె."

లైబ్రరీ మెట్ల కాడ ఆటో ఆగింది. తలుపు అద్దం వెనుక పొడుగు పెట్టె కనవడుతున్నది, ఖాళీగ, మీద గులాబీ రంగు రిబ్బను. అమూల్య నా మోచెయ్యి పట్టుకున్నది. ఇన్నేండ్లు నేను ఎవలన్న చూస్తరేమోనని, అడుగుతరేమోనని భయపడ్డ. ఆ మెట్లు ఎక్కుకుంట మొదటిసారి ఇంకో భయమైంది: అందరు వచ్చి, వంగి చూసి, ఆ తొమ్మిది పేజీల కాడ ఒక్కలన్న ఆగి "ఇది ఎవలి రాత?" అని అడగకుండనే పోతే ఎట్ల?